ఎగ్జామినర్ మీ మోటారును విప్పి చూడలేదు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నాది రాజాం. ఇరవై రెండేళ్లుగా మోటార్ల రివైండింగ్ షాపు నడుపుతున్నాను, పక్కనే చిన్న లేత్ కూడా ఉంది. నాలుగేళ్ల నుంచి పంపుసెట్ల కంటే బ్యాటరీ ఆటోల మోటార్లే ఎక్కువ వస్తున్నాయి. వాటిలో ఒక జబ్బు చూశాను. వైండింగ్ బాగానే ఉంటాది, బేరింగులూ బాగానే ఉంటాయి, కానీ స్టేటర్ (తీగ చుట్టలుండే, కదలకుండా ఉండాల్సిన భాగం) మొత్తం బాడీ లోపల జారి తిరిగిపోయి, లీడు వైర్లు మెలిపడి తెగిపోతాయి. నిండా జనాన్ని ఎక్కించుకుని ఎండలో తిరిగిన బండ్లకే ఇది ఎక్కువ. దీనికి నేనే ఒక అల్యూమినియం బాడీ పోత పోయించాను. లోపలి గోడకి ఆరు పట్టీలు, ఒక్కో పట్టీ వెనక సన్నని చీలిక. ఆ చీలిక వల్ల పట్టీ స్ప్రింగులా స్టేటర్‌ని నొక్కి పట్టుకుంటాది. ఎంత వేడెక్కినా వదల్లేదు.

విశాఖలో ఒకాయన చేత ఇంగ్లీషులో రాయించి చెన్నై పేటెంట్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. మూడు నెలల కిందట ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. ఇలాంటివి ముందే రెండు ఉన్నాయంట, ఒకటి జర్మనీది, ఒకటి జపాన్‌ది. కొత్తదనం లేదు, ఇన్వెంటివ్ స్టెప్ లేదు, తెలిసిన వస్తువుల కూర్పు మాత్రమే అని రాశారు. రాసిపెట్టినాయన ఇప్పుడు ఫోనెత్తడు. వేరే ఏజెంటు నలభై ఐదు వేలు అడుగుతున్నాడు. ‘ఎప్పుడో ఎవుడో కనిపెట్టేసినదానికి మనకెందుకు ఈ ఖర్చు’ అంటోంది మా ఆవిడ. వదిలెయ్యమంటారా?

ఇంకో రెండు సంగతులు. దరఖాస్తుకి ఐదు నెలల ముందే మూడు ఆటోలకి ఈ బాడీ బిగించి ఇచ్చాను. అది తప్పా? అలాగే ఈమధ్య చీలికని ఫ్యాన్ వైపు గరాటులా వెడల్పు చేశాను, మోటారు ఇంకా చల్లగా ఉంటోంది. దాన్ని కూడా ఇందులోనే కలపొచ్చా? కాగితాల జిరాక్సులన్నీ పంపుతున్నాను. పేరు వెయ్యకండి.

– రాజాం నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

బాబూ, మీ జిరాక్సులు రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివాక మీ ఆవిడ అన్నదే నిజమేమో అనిపించింది. రెండోసారి ఎగ్జామినర్ చూపించిన జర్మనీ, జపాన్ పేటెంట్ల బొమ్మలు పక్కన పెట్టుకుని చదివాను. వదిలెయ్యొద్దు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చెన్నైలో కూర్చున్న ఎగ్జామినర్ మీ మోటారును విప్పి చూడలేదు. పట్టీని వేలితో నొక్కి చూడలేదు. ఆయన ముందున్నది మీ దరఖాస్తు చివర ఉన్న క్లెయిములు, అంటే మీరు ఏ మేరకు హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు. ఆయన కొట్టేసింది మీ బాడీని కాదు, మీ మొదటి క్లెయిమును. ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంది కాబట్టి మీరు పట్టించుకుని ఉండరు. తెలుగులో చెబితే ఇదీ: ‘ఒక స్టేటర్, దాన్ని చుట్టి ఉండే ఒక బాడీ ఉన్న విద్యుత్ మోటారు, ఆ బాడీ లోపలి గోడ మీద స్టేటర్‌ను పట్టి ఉంచే ఉబ్బెత్తు భాగాలు ఉంటాయి.’ అంతే. ఇందులో చీలిక ఏది? స్ప్రింగు ఏది? వేడి మాట ఏది? మీరు ఇన్నేళ్లు చూసి, తల బద్దలు కొట్టుకుని కనిపెట్టిన జబ్బు ఏది?

మనవాళ్లు పొలం దస్తావేజులో చెక్కుబందీ రాయిస్తారు కదా, తూర్పున ఫలానా వారి గట్టు, పడమర వాగు అని. క్లెయిము సరిగ్గా అదే పని చేస్తుంది. మీకు రాసిపెట్టినాయన మీ అరెకరానికి ఊరి పొలమంతా చెక్కుబందీగా రాసేశాడు. పెద్దగా రాస్తే పెద్ద హక్కు వస్తుందని ఆయన ఆశ. ఊరి పొలంలో అవతలివాళ్ల భూములు కూడా ఉంటాయి కదా, వాళ్ల పాత దస్తావేజులు తీసి ఎగ్జామినర్ బల్ల మీద పెట్టాడు. ఆయన పని అదే. పేటెంటు చట్టం సెక్షన్ 13 ప్రకారం పాత పేటెంట్లు, పుస్తకాలు వెతకడం ఆయన బాధ్యత.

మోటారు విషయంలో ఆ పాత కాగితాల గుట్ట చాలా పెద్దది. తిరిగే అయస్కాంత క్షేత్రంతో నడిచే మోటారుకు టెస్లాకు అమెరికాలో పేటెంట్లు వచ్చింది 1888 మే 1న. అప్పటి నుంచి స్టేటర్‌ను బాడీలో ఎలా బిగించాలా అని ప్రపంచమంతా తంటాలు పడుతూనే ఉంది. అందుకే అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో మోటార్లకు హెచ్02కె అని ఒక అరే ఉంది. ఆ అరలో స్టేటర్‌ను బాడీకి బిగించే పద్ధతులకు 1/18 అని ఒక సొరుగు, వేడి పోవడానికి రెక్కలున్న బాడీలకు 5/18 అని ఇంకో సొరుగు. మీరు కూడా గూగుల్ పేటెంట్స్‌లోనో, యూరప్ వాళ్ల ఎస్పాసెనెట్‌లోనో ఈ నంబర్లు కొట్టి చూడండి. రెండూ ఉచితం. మాటలతో వెతికితే ఏమీ దొరకదు, ఒకడు పట్టీ అంటాడు, ఒకడు ఉబ్బు అంటాడు, ఒకడు దంతం అంటాడు. నంబరు కొడితే బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. మీలాంటి పనివాడికి బొమ్మ చాలు, ఇంగ్లీషు అక్కర్లేదు. దరఖాస్తుకు ముందే ఒక ఆదివారం ఈ పని చేసి ఉంటే మొదటి క్లెయిము ఇలా రాయనిచ్చేవారే కాదు.

ఇప్పుడు ఆ రెండు బొమ్మల్లోకి వద్దాం. రిపోర్టులో వాటికి డి1, డి2 అని పేరు పెట్టారు. డి1 జర్మనీది. అందులో బాడీ లోపలి గోడకు పట్టీలున్నాయి, నిజమే. కానీ అవి గట్టి పట్టీలు, గోడలోంచి నిండుగా పైకి లేచినవి. వెనక ఖాళీ లేదు. రెండు పట్టీల మధ్య సందులోంచి గాలి పోవాలన్నదే వాళ్ల ఉద్దేశం. డి2 జపాన్‌ది. అందులో పట్టీలే లేవు. స్టేటర్‌కు, బాడీకి మధ్య సన్నటి ఉక్కు రేకును అలలు అలలుగా వంచి చుట్టారు. రేకు స్ప్రింగులా నొక్కుతుంది. ఎగ్జామినర్ ఏమంటాడంటే: మీ మొదటి క్లెయిములో ఉన్నదంతా డి1లో ఉంది కాబట్టి కొత్తదనం లేదు. మీ నాలుగో క్లెయిములో చీలిక ఉంది, అది స్ప్రింగులా పనిచేస్తుందన్నారు, కానీ స్ప్రింగు ఆలోచన డి2లో ఉంది, డి1కి డి2 తగిలిస్తే ఈ పని తెలిసినవాడెవడికైనా మీ బాడీ తడుతుంది. ఇన్వెంటివ్ స్టెప్ లేదు అనడమంటే ఇదే, సెక్షన్ 2(1)(జెఎ) అభ్యంతరం. మొదటి మాట ఒప్పుకోండి. రెండో మాట దగ్గర నిలబడండి.

ఎందుకు నిలబడొచ్చో లెక్క చూద్దాం. అల్యూమినియం ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. ఉక్కు సుమారు 12. మీ స్టేటర్ బయటి కొలత 120 మిల్లీమీటర్లని రాశారు. పొద్దున్న 30 డిగ్రీలున్న మోటారు మధ్యాహ్నానికి 110కి చేరిందనుకోండి, 80 డిగ్రీల పెరుగుదల. బాడీ బోరు, అంటే లోపలి రంధ్రం, 0.22 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్టేటర్‌లోని ఉక్కు స్టాంపింగులు 0.115 పెరుగుతాయి. తేడా 0.1 మిల్లీమీటరు పైచిలుకు, అంటే నోటుబుక్కు కాగితం మందం. బాడీకి బయటి గాలి తగులుతుంది కాబట్టి అది కాస్త చల్లగా ఉండి తేడా కొంచెం తగ్గుతుంది, అయినా ఆ మాత్రం చాలు. బిగువు కోసం ఫ్యాక్టరీలో ఇచ్చేది కూడా సుమారు అంతే కాబట్టి వేడి మీద ఆ బిగువంతా హరించుకుపోతుంది. అప్పుడు డ్రైవరు ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పితే స్టేటరే తిరుగుతుంది. మీ షాపు బల్ల మీద మీరు చూసిన మెలిపడ్డ లీడు వైర్లకు కారణం ఇదే.

డి1లోని గట్టి పట్టీ కూడా ఇలాగే వదిలేస్తుంది, ఎందుకంటే దానికి వంగడం తెలీదు. మీ పట్టీ వెనక చీలిక ఉంది, చల్లగా ఉన్నప్పుడు అది 0.3 మిల్లీమీటర్లు వెనక్కి వంగి కూర్చుంటుందని మీ ఏడో పేజీలో ఉంది. వేడి మీద ఒక్కో పట్టీ వైపు వచ్చే ఎడం పైన చెప్పిన 0.1లో సగం, 0.05. అంటే ఇంకా 0.25 వంపు మిగిలే ఉంటుంది, పట్టు పోదు. కొంతమంది మెకానిక్కులు చేసే ఇంకో పని ఉంది, మొదటే మరీ బిగువుగా దిగ్గొట్టడం. దానివల్ల సిలికాన్ స్టీలు స్టాంపింగుల మీద ఒత్తిడి పడి ఐరన్ లాస్ (ఆ ఉక్కులో వేడిగా వృథా అయ్యే కరెంటు) పెరుగుతుంది, మోటారు ఇంకా వేడెక్కుతుంది. ఈ ఇబ్బంది మీ జవాబులో ఒక పేరాగా ఉండాలి. చట్టం అడిగేది ‘సాంకేతిక పురోగతి’. వాడుకలో ఉన్న రెండు దారులూ ఎక్కడ చతికిలబడుతున్నాయో అంకెలతో చూపిస్తేనే ఆ మాటకు అర్థం వస్తుంది.

ఇక డి2 సంగతి. రేకు స్ప్రింగు పట్టు ఇస్తుంది, కాదనలేం. కానీ స్టేటర్ వేడి రేకు దాటి బాడీలోకి పోవాలి. అల అలకీ మధ్య గాలి. వేడిని మోయడంలో అల్యూమినియంతో పోలిస్తే గాలి సత్తా కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. మీ దాంట్లో పట్టీ, బాడీ ఒకే పోత, మధ్యలో ఇంకో వస్తువు లేదు. ఎగ్జామినర్ తెలివైనవాడైతే, వాళ్లు తెలివైనవాళ్లే, ‘మీ పట్టీలు కూడా స్టేటర్‌ను ఆరు చోట్లే తాకుతున్నాయి కదా, వేడి ఎలా పోతుంది?’ అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు జవాబు మీ ఏడో పేజీ అడుగున ఒక్క వాక్యంలో పడి ఉంది: ‘ఫ్యాన్ తోసే గాలి చీలికల గుండా ప్రవహించి పట్టీలను చల్లబరుస్తుంది.’ ఆ వాక్యం మీరే చెప్పి ఉంటారు, రాసినాయన ఏదో వివరమని చివర్లో పడేశాడు. నా లెక్కలో మీ దరఖాస్తు మొత్తానికి ఖరీదైన వాక్యం అదే. చీలిక ఒకటే, పనులు రెండు: పట్టీని వంగనివ్వడం, గాలిని పోనివ్వడం. డి1లో గాలి ఉంది, వంపు లేదు. డి2లో వంపు ఉంది, గాలి దారి లేదు. రెండింటినీ తగిలించి చూడండి, రేకు వెళ్లి డి1 సందుల్ని మూసేస్తుంది.

మూడో అభ్యంతరం సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఏది పని అది విడిగా చేసుకుంటూ ఉంటే దాన్ని ఆవిష్కరణ అనకూడదన్నది దాని భావం. ఈ అభ్యంతరం చూసి చాలామంది హడలిపోతారు. నిజానికి పైన చెప్పిన చీలిక మాటే దీనికీ జవాబు, ఒకే భాగం రెండు పనులు కలిపి చేస్తున్నప్పుడు ‘విడివిడిగా’ అన్న మాట నిలవదు. అయితే ఈ గీత ఎంత సన్ననిదో తెలియాలంటే 1978లో సుప్రీంకోర్టు తేల్చిన బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం కేసు తెలుసుకోవాలి. ఇత్తడి పాత్రల్ని లేత్ మీద పట్టి ఉంచే ఒక పద్ధతికి ఒక సంస్థ పేటెంటు తీసుకుంది. మన బుడితి కంచుపనివాళ్లను అడిగితే లేత్ మీద చెంబు నిలవడం ఎంత కష్టమో గంటసేపు చెబుతారు, కాబట్టి అది పనికిమాలిన సమస్యేం కాదు. అయినా కోర్టు ఆ పేటెంటును నిలబెట్టలేదు. పాత లేత్ పద్ధతినే చిన్న మార్పుతో పాత్రలకు వాడారు, నిపుణుడైన పనివాడెవడైనా చేయగల వర్క్‌షాపు మెరుగుదల ఇది అంది. ఎగ్జామినర్లకు ఈ తీర్పు కంఠతా వచ్చు. కాబట్టి జవాబులో ‘మా షాపులో బాగా పనిచేస్తోంది, అందరూ మెచ్చుకుంటున్నారు’ అని రాయకండి, ఆ మాటలు మిమ్మల్నే వర్క్‌షాపు గాటన కట్టేస్తాయి. ఆ తీర్పులోనే కూర్పు వల్ల కొత్త ఫలితమో, ముందుకంటే మెరుగైన లేదా చవకైన వస్తువో రావాలన్న మాట కూడా ఉంది. మీరు పట్టుకోవాల్సింది దాన్ని.

కొత్త ఫలితం అన్నాక అంకె ఉండాలి. మీ రాజాంలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటు ల్యాబు వాళ్లను అడగండి. పాత బాడీతో ఒకటి, మీ బాడీతో ఒకటి, ఒకే వైండింగ్, ఒకే లోడు, గంటసేపు. వైండింగ్ వేడిని రాగి రెసిస్టెన్సుతో కొలవొచ్చు. చల్లగా, వేడిగా ఉన్నప్పటి రెసిస్టెన్సుల నిష్పత్తి చూసి, 234.5కి చల్లని ఉష్ణోగ్రత కలిపి, ఆ నిష్పత్తితో హెచ్చించి, మళ్లీ 234.5 తీసెయ్యాలి. 30 డిగ్రీల దగ్గర మొదలై రెసిస్టెన్సు 1.3 రెట్లు అయ్యిందంటే వైండింగ్ 109 డిగ్రీలు తాకిందన్నమాట. ఆటో మోటారు కాయిల్ రెసిస్టెన్సు మిల్లీ ఓముల్లో ఉంటుంది, మీ షాపు మల్టీమీటరుతో తేలదు, అందుకే ల్యాబు అంటున్నాను. రెండో పరీక్ష ఇంకా సులువు: స్టేటర్ అంచు మీద, బాడీ అంచు మీద కలిపి ఒక మార్కరు గీత గియ్యండి. పరీక్షయ్యాక గీత విరిగిందా లేదా ఫొటో తియ్యండి. ఆ ఫొటో పది పేజీల వాదన కంటే గట్టిది. ఈ ఫలితాలు వాదనకు బలంగా జవాబుతో జత చేయొచ్చు, దరఖాస్తు లోపలికి మాత్రం చేర్చలేరు.

ఆ ‘చేర్చలేరు’ అన్నది బాగా అర్థం చేసుకోవాలి. సెక్షన్ 59 ప్రకారం క్లెయిమును మార్చుకోవచ్చు, కానీ కొత్త క్లెయిము పాత క్లెయిము హద్దుల లోపలే ఉండాలి, అందులోని ప్రతి ముక్కా మొదటి రోజు దాఖలు చేసిన కాగితాల్లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. అంటే హద్దు లోపలికి జరపొచ్చు, బయటికి జరపకూడదు. మీ కొత్త మొదటి క్లెయిములో మూడు ముక్కలు రావాలి: బాడీతో ఒకే పోతగా ఉన్న పట్టీలు, ప్రతి పట్టీ వెనక వంపుకు చోటిచ్చే చీలిక (ఇది నాలుగో క్లెయిములోంచి), ఫ్యాన్ గాలి పోయేలా ఆ చీలిక తెరిచి ఉండడం (ఇది ఏడో పేజీలోంచి). చెక్కుబందీ తగ్గిందని దిగులుపడకండి. చీలిక లేని పట్టీ మీకు ఎటూ రాదు, అది పాతవాళ్లది. మీ ఆవిడతో కూడా ఇదే చెప్పండి, ఎవడో కనిపెట్టేసింది పట్టీని మాత్రమే.

గరాటులా వెడల్పు చేసిన చీలిక దాఖలు తర్వాత మీకు తట్టింది. అది ఇందులోకి రాదు. విడిగా కొత్త దరఖాస్తు పెడదామంటే ఇంకో చిక్కు, మీ మొదటి దరఖాస్తు ఇప్పటికే ప్రచురణ అయిపోయింది కాబట్టి అదే మీ కొత్తదానికి డి1గా అడ్డం వస్తుంది. దీనికోసమే చట్టంలో సెక్షన్ 54 ఉంది, పేటెంట్ ఆఫ్ అడిషన్. అసలు ఆవిష్కరణకు చేసిన మెరుగుదలకు ఇచ్చే అనుబంధ పేటెంటు. మీ అసలు ఆవిష్కరణతో పోల్చి చూస్తే ఇందులో ఇన్వెంటివ్ స్టెప్ లేదు అన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయకూడదని సెక్షన్ 56 చెబుతోంది. కొత్తదనం మాత్రం ఉండాలి, గరాటు ఆకారం మొదటి కాగితాల్లో లేదు కాబట్టి అది ఉంది. దీనికి విడిగా ఏటేటా రెన్యువల్ ఫీజు కట్టక్కర్లేదు, అసలు పేటెంటు గడువుతోనే ఇదీ ముగుస్తుంది. అసలు దరఖాస్తు బతికి ఉంటేనే ఈ దారి తెరిచి ఉంటుంది. వదిలెయ్యొద్దని మొదట్లోనే అన్నదానికి సగం కారణం ఇది. ఇంకో మాట, ఆ గరాటు బాడీని దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ బిగించకండి, ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.

ఎందుకంటే మూడు ఆటోల సంగతి నన్ను కొంచెం కలవరపెట్టింది. దాఖలుకు ముందే బహిరంగంగా వాడిన వస్తువుకు కొత్తదనం పోతుంది. సెక్షన్ 32లో ఒక మినహాయింపు ఉంది: దాఖలుకు ముందు ఏడాది లోపల, సరైన పరీక్ష కోసమే, ఆ వస్తువు స్వభావాన్ని బట్టి జనం మధ్యనే పరీక్షించక తప్పనప్పుడు, ఆ వాడకం వల్ల కొత్తదనం పోయినట్టు కాదు. ఆటో మోటారును రోడ్డు మీద కాక ఇంకెక్కడ పరీక్షిస్తాం? పాలకొండ రోడ్డులో ఎనిమిది మందిని ఎక్కించుకుని తిరిగితేగా తెలిసేది. అక్కడిదాకా మీరు క్షేమం. కానీ మూడో ఆటో అతని దగ్గర 2,500 రూపాయలు తీసుకున్నట్టు మీ రశీదు పుస్తకం జిరాక్సులో కనిపిస్తోంది. డబ్బు చేతులు మారాక పరీక్ష అని ఒప్పించడం కష్టం. ఆ డబ్బు బేరింగులకా, వైండింగుకా, బాడీకా? రివైండింగ్ కూలీ అయితే ఆ బండి సంగతి వేరు. మీ షాపు డైరీ, ఆ ఆటోలు ఎప్పుడెప్పుడు వచ్చాయి, మీరు విప్పి ఏమి చూసుకున్నారు, అన్నీ తేదీలతో ఒకచోట పెట్టండి. ఎగ్జామినర్ రిపోర్టులో ఈ ప్రస్తావన లేదు, ఆయనకు తెలిసే దారి లేదు. రేపు సెక్షన్ 25 కింద ఎవరైనా పోటీదారు అభ్యంతరం వేస్తే ఇదే మొదటి అస్త్రం అవుతుంది. మీ ఏజెంటుకు మొదటి రోజే చెప్పండి. రశీదు దిద్దడం లాంటి ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు.

గడువు సంగతి. రిపోర్టు జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలలు, మీరు చదివిన తేదీ నుంచి కాదు. మూడు నెలలు అయిపోయాయి. ఆరు నెలలు నిండేలోపే గడువు పెంచమని ఫారం 4 పెడితే మరో మూడు నెలలు దొరుకుతాయి, ల్యాబు పరీక్ష ఆలస్యమైతే దానికి వాడుకోండి. అది కూడా పెట్టకుండా ఆరో నెల దాటితే దరఖాస్తు వదిలేసినట్టు లెక్కపడే ప్రమాదం ఉంది. రాసిపెట్టినాయన ఈమెయిలే దరఖాస్తులో చిరునామాగా ఉందేమో చూడండి. ఉంటే హియరింగు (పేటెంట్ ఆఫీసు ముఖాముఖి విచారణ) నోటీసు ఆయన ఇన్‌బాక్సులో పడి ఉంటుంది, మీకు తెలియదు. వెంటనే మార్పించండి.

చెన్నైకి తెలుగులో రాయలేం, హిందీ లేదా ఇంగ్లీషు. అందుకని ఏజెంటు కావాల్సి రావచ్చు గానీ, చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. నలభై ఐదు వేలు ఎక్కువా తక్కువా అంటే, అందులో ఏముందో చూడాలి. జవాబు, సవరించిన క్లెయిములు, హియరింగు, హియరింగు తర్వాత పదిహేను రోజుల్లో ఇవ్వాల్సిన రాతపూర్వక వాదన, ఇవన్నీ కలిసి ఉంటే అన్యాయమేం కాదు. జవాబు ఒక్కదానికే అయితే బేరమాడండి. అంతకంటే ముందు ఆయన పేరు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో నమోదైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. పేటెంటు వచ్చాక వ్యక్తులకు మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా రెన్యువల్ ఏడాదికి 800 రూపాయలే, అది భారం కాదు. దాఖలు తేదీ నుంచి ఇరవై ఏళ్లు హక్కు. పెద్ద కంపెనీ ఎవరైనా కాపీ కొడితే జిల్లా కోర్టుకెక్కి పోరాడే ఓపిక మీకుంటుందా అన్నది వేరే ప్రశ్న. నన్నడిగితే బాడీలు పోత పోసేవాళ్లకు లైసెన్సు ఇచ్చి బాడీకి ఇంతని తీసుకోవడమే మీ షాపుకు తగిన దారి.

హియరింగు వస్తే భయపడకండి. వీడియో కాల్‌లో ఉంటుంది, వినేది కంట్రోలర్, అంటే దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునే అధికారి. వీలుకాకపోతే కారణం చూపించి కనీసం మూడు రోజుల ముందు వాయిదా అడగొచ్చు, అలాంటివి రెండే దొరుకుతాయి. ఏజెంటు పక్కన మీరు కూడా కూర్చోండి, చేతిలో మీ బాడీ పట్టుకుని. పట్టీని వేలితో నొక్కి చూపించండి. మాటలు మాత్రం తగ్గించండి. ముప్ఫై ఏళ్ల కిందట జనపనార మిల్లులో మెయింటెనెన్సు చేస్తున్న రోజుల్లో నేనూ ఒక బాబిన్ హోల్డరుకు దరఖాస్తు పెట్టాను. రిపోర్టు చూసి ఒళ్లు మండి, ‘తమరు ఎప్పుడైనా మిల్లులో అడుగు పెట్టారా’ అని నాలుగు పేజీలు రాసి పంపాను. ఆ నాలుగు పేజీల్లో డి1కీ నా దానికీ తేడా ఏమిటో ఒక్క వాక్యం లేదు. దరఖాస్తు పోయింది, పోవాల్సిందే. తర్వాత నేను ఏజెంటు పరీక్ష రాయడానికి ఆ అవమానం కూడా ఒక కారణం.

అబ్‌స్ట్రాక్టు (దరఖాస్తు సారాంశం) 150 మాటలు దాటింది, క్లెయిముల్లో బొమ్మ నంబర్లు బ్రాకెట్లలో లేవు లాంటి అభ్యంతరాలు రిపోర్టు మూడో భాగంలో చాలా ఉన్నాయి. అవి అరగంట పని, వాటికి నిద్ర మానుకోకండి.

ఒక్కటి తేలాలి. మీ మూడో బొమ్మలో చీలిక రెండు చివరలా తెరిచి ఉన్నట్టు గీశారా, లేక ఒక వైపు మూసేశారా? ఒక వైపు మూసి ఉంటే గాలి ప్రవహిస్తుందన్న ఏడో పేజీ వాక్యాన్ని ఎగ్జామినర్ ఆ బొమ్మతోనే కొట్టేస్తాడు. మీరు పంపిన జిరాక్సులో సరిగ్గా అక్కడే నల్లటి మరక పడింది. అసలు కాపీ బయటికి తీసి, ఆ మూల ఫొటో తీసి పంపండి.